ఆ రాత్రి రైల్లో మా శాలువాని కాపాడినవాళ్ళకి

అందరికీ నమస్కారం. ఊరి నుంచి వచ్చి నాలుగు రోజులైంది, బ్యాగులు ఇంకా సగం సర్దలేదు, బట్టలు ఉతకలేదు, అయినా ముందు ఈ నాలుగు ముక్కలు రాస్తే గానీ నా మనసు కుదుటపడేలా లేదు. ముగ్గురికి థాంక్స్ చెప్పాలి. వాళ్ళలో ఇద్దరి పేర్లు కూడా నాకు తెలీవు, ఒకవేళ వాళ్ళకి తెలిసినవాళ్ళెవరైనా ఇది చదివితే దయచేసి చూపించండి.

మా ఆయన వాళ్ళ అక్కగారికి, అంటే మా వదినకి, పోయిన ఏడాది పెద్ద ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగానే కోలుకుంది గానీ ఆవిడకి చలి అస్సలు ఆగట్లేదు. అందుకని నా చేత్తో ఒక శాలువా అల్లి తీసుకెళ్దామనుకున్నాను. ముదురు నీలం రంగు ఊలు, సగం మెరినో (మెరినో గొర్రెల మెత్తటి ఊలు) సగం పట్టు, లేసు డిజైను, పైన మెడ దగ్గర మొదలుపెట్టి కిందకి పెరిగే మూడు కోణాల శాలువా. బయల్దేరేలోపు పూర్తవలేదు. సరే రెండు రాత్రులు మూడు పగళ్ళ ప్రయాణం, రైల్లో అల్లుకుంటూ పోతే దిగేసరికి అయిపోతుంది అనుకుని సంచిలో పెట్టుకున్నాను.

మా ఆయనకి అల్లిక రాదు. కానీ లెక్క ఆయనదే. రైలెక్కితే ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటారు, ఏ స్టేషన్‌కి ఎన్నింటికొచ్చాం, ఎంత లేటు, ఎంతసేపు ఆగింది అన్నీ రాస్తారు, ముప్పై ఏళ్ళ నుంచీ అదే అలవాటు. ఈసారి పక్కన ఇంకో గడి గీసి, ఆ స్టేషన్ దగ్గర నేను ఎన్నో వరసలో ఉన్నానో అడిగి అది కూడా రాశారు. నేను విసుక్కున్నాను కూడా, మాటిమాటికీ అడుగుతుంటే కుట్ల లెక్క తప్పుతోందని. ఆ గడి గురించి మళ్ళీ చెప్తాను.

రెండో రోజు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో 152వ వరస అయింది. సూది మీద 313 కుట్లు. నేను వాడేది మధ్యలో కేబుల్ ఉండే గుండ్రపు సూదులు, 4 ఎంఎం, మొనలు విడిగా మరలాగా తిప్పి బిగించేవి. వాటితో పాటు ఒక చిన్న పిన్ను ఇస్తారు, మొన దగ్గరున్న బుల్లి చిల్లులో అది దూర్చి గట్టిగా బిగించాలి. నేను ఎప్పుడూ చేత్తోనే తిప్పేసి ఊరుకునేదాన్ని. రైలు ఎక్కడో పట్టా మారుతూ ఒక్క ఊపు ఊపింది, నా చేతిలో సూది నా చేతిలోనే ఉంది, కేబుల్ మాత్రం ఊడి కింద పడింది. పట్టు కలిసిన ఊలు కదా, నున్నగా జారిపోతుంది. చూస్తుండగానే నలభై కుట్ల దాకా కేబుల్ మీంచి దిగిపోయాయి. మామూలు అల్లికైతే జారిన కుట్టు నిచ్చెనలాగా తిన్నగా కిందకి దిగుతుంది, కొక్కెం పెట్టి పైకి ఎక్కించుకోవచ్చు. లేసులో అలా కాదు. అందులో చిల్లుల కోసం దారం ఊరికే సూది మీద వేసుకుంటాం, పక్కనే రెండేసి కుట్లు కలిపి ఒకటి చేస్తాం, కాబట్టి ఒకటి జారితే పక్కవాటిని కూడా లాక్కుని పోతుంది. కొన్నిచోట్ల పది పన్నెండు వరసలు కిందకి దిగిపోయింది. గుండె గుభేలుమంది. కదిపితే ఇంకా ఊడుతుందని ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాను, మా ఆయన కంగారుగా ఏమైంది ఏమైంది అంటుంటే నోట మాట రాలేదు.

అప్పుడు ఎదురు పై బెర్త్ మీంచి ఒక అబ్బాయి దిగాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి, ఆ పొద్దున నుంచీ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితో మాట్లాడకుండా పడుకునే ఉన్నాడు. "ఆంటీ, కదపకండి, అలాగే పట్టుకోండి, లైఫ్‌లైన్ వేశారా?" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు, ఈ పిల్లాడేంటి లైఫ్‌లైన్ అంటాడేంటి అని. వాళ్ళ అమ్మమ్మ దగ్గర చిన్నప్పుడే అల్లిక నేర్చుకున్నాడట. లైఫ్‌లైన్ అంటే తెలీనివాళ్ళ కోసం చెప్తున్నా, లేసు అల్లేటప్పుడు పది పదిహేను వరసలకి ఒకసారి ఆ వరసలో కుట్లన్నిటిలోంచి ఒక సన్నటి వేరే దారం దూర్చి వదిలేస్తాం, పైన ఏం పాడైనా అక్కడిదాకా విప్పుకోవచ్చు, దానికి కింద ఒక్క కుట్టు కూడా జారదు. నేను వెయ్యలేదు. ఇంట్లో వేస్తాను, ప్రయాణంలో బద్ధకించాను.

"పర్లేదు ఆంటీ, ఇప్పుడు వేద్దాం" అన్నాడు. అల్లేశాక కూడా వెయ్యొచ్చని నాకు తెలుసు గానీ నేనెప్పుడూ చెయ్యలేదు, అదీ కదిలే రైల్లో, ముదురు నీలం ఊలు మీద, రాత్రిపూట! తన బ్యాగులోంచి పళ్ళ సందుల్లో తోముకునే ఫ్లాస్ దారం తీశాడు, నా దగ్గర మొద్దు మొన సూది ఉంది. పదింటికి మా దగ్గర లైట్లు తీసేశారు, మిగతావాళ్ళు పడుకోవాలి కదా, ఎవర్ని ఏమంటాం. అప్పుడు కోచ్ అటెండెంట్ అన్న వచ్చి, సంగతి చూసి, ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా తలుపు దగ్గర తను కూర్చునే సీటు మాకు ఇచ్చేశాడు, అక్కడ రాత్రంతా లైటు ఉంటుంది. అంతేకాదు, ఉతికిన తెల్ల దుప్పటి ఒకటి తెచ్చి "దీని మీద పెట్టుకోండమ్మా, నలుపు మీద నలుపు కనపడదు" అన్నాడు. ఆ దుప్పటి ఒళ్ళో పరిచి దాని మీద శాలువా పెట్టగానే ఒక్కో కుట్టు విడివిడిగా కనపడింది చూడండి, పోయిన ప్రాణం లేచొచ్చింది. ముదురు రంగు అల్లేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఒళ్ళో తెల్ల గుడ్డ ఉంటే కళ్ళకి సగం శ్రమ తగ్గుతుంది. ఆయన మాత్రం రెండు గంటలకి పైగా తలుపుకి ఆనుకుని నిలబడే ఉన్నాడు, కూర్చోమంటే వినలేదు.

ఆ బాబు చేసిన పని దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ముందు జారిన చోట్ల కింద చివర ఎక్కడ ఆగాయో చూసి వాటికి సేఫ్టీ పిన్నులు పెట్టాడు. తర్వాత వాటికంటే కిందున్న వెనక వరస, అంటే శాలువా తిప్పి వెనక వైపు నుంచి అల్లే వరస, ఒకటి ఎంచుకున్నాడు. ఈ డిజైన్‌లో వెనక వరసలన్నీ సాదా పర్ల్, అంటే ఉల్టా కుట్లే, చిల్లులూ కలపడాలూ ఉండవు, కుట్లన్నీ బుద్ధిగా ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. ప్రతి కుట్టూ V ఆకారంలో ఉంటుంది, దానికి రెండు కాళ్ళుంటాయి కదా, కుడి కాలు కిందనుంచి మాత్రమే సూది పోనిస్తూ వెళ్ళాడు, ఎడమ కాలు ముట్టుకోలేదు. ఒకచోట పొరపాటున పై వరసలోకి ఎక్కితే అక్కడ దారం ఏటవాలుగా కనపడింది, వెంటనే వెనక్కి తీశాడు. మా ఆయన ఫోన్ టార్చ్ పట్టుకున్నారు. నేను రెండు చేతులా శాలువా అంచులు పట్టుకున్నాను. రైలు స్టేషన్ దగ్గరికొచ్చి పట్టాలు మారే చోటల్లా ఆపేసేవాడు, సూది గాల్లో పెట్టి ఆగి, ఊపు అయ్యాక మళ్ళీ మొదలు.

పదకొండుంపావుకి రైలు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది, గంటన్నర కదల్లేదు. ఇంకెప్పుడైనా అయితే నేను కూడా అందరితో పాటు విసుక్కునేదాన్ని, ఆ రాత్రి మాత్రం దేవుడే ఆపాడనుకున్నాను. ఊపు లేకుండా మిగతా సగమంతా ఆ గంటన్నరలోనే అయింది. మధ్యలో ఆ బాబు ఒక సంగతి చెప్పాడు. జర్మనీలో మ్యూనిక్‌కి రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్ళొచ్చే ఒకావిడ 2018లో ఏడాదంతా రోజుకి రెండు వరసలు చొప్పున ఒక స్కార్ఫ్ అల్లిందట, రైలు ఐదు నిమిషాల లోపు లేటైతే బూడిద రంగు, అరగంట లోపైతే గులాబీ, అంతకు మించితే ఎరుపు. 2019 జనవరిలో దాన్ని ఆన్‌లైన్ వేలంలో పెడితే 7,550 యూరోలకి పోయిందట, ఆ డబ్బు స్టేషన్లలో ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి సాయం చేసే సంస్థకి ఇచ్చేసింది. ఇంటికొచ్చాక చదివి చూశాను, నిజమే. మా ఆయనకైతే ఆ కథ ఎంత నచ్చిందో, అప్పట్నుంచీ తన పాత నోట్‌బుక్‌లన్నీ తీసి ముందేసుకున్నారు.

దారం ఆ చివర నుంచి ఈ చివరకి దూరాక నేను పైనున్న సూది తీసేసి విప్పడం మొదలుపెట్టాను. అన్ని రోజుల పని చేత్తో లాగేస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ దారం దగ్గరికి రాగానే టక్కున ఆగిపోయింది, ఒక్క కుట్టు కూడా కిందకి పోలేదు. కుట్లు సూది మీదకి ఎక్కించి లెక్కపెట్టాం. 284. ఇక్కడ లెక్క చాలా ముఖ్యం, ఈ శాలువా 9 కుట్లతో మొదలై ప్రతి రెండు వరసలకి 4 కుట్లు పెరుగుతుంది, అంటే 9 తీసేసి నాలుగుతో భాగిస్తే శేషం రాకూడదు. 284 అయితే శేషం 3 వస్తోంది, ఒకటి పోయింది. మధ్య కుట్టుకి అటు ఒక సగం 142, ఇటు సగం 141. ఇటు సగంలో వెతికితే చిల్లు కోసం వేసిన దారం పైన రావాల్సిన కుట్టు ఒకటి ఫ్లాస్‌కి చిక్కకుండా పక్కకి తప్పుకుని ఉంది, పట్టుకుని ఎక్కించాడు. 285. తొమ్మిది తీసేస్తే 276, నాలుగుతో భాగిస్తే 69, అంటే 138వ వరస పూర్తయిన చోట ఉన్నాం.

అప్పుడు మా ఆయన నోట్‌బుక్ తెరిచారు. మధ్యాహ్నం 3:40కి ఆగిన స్టేషన్ పక్కన ఆ గడిలో రాసి ఉంది, 138. డిజైను 12 వరసలకి ఒకసారి తిరిగి మొదలవుతుంది, 138 అంటే పదకొండు సార్లు అయ్యి ఇంకో 6 వరసలు, కాబట్టి చార్టులో 7వ గీత దగ్గర మొదలుపెట్టాలి. ఆ రెండు లెక్కలూ కలిసేసరికి మేం ముగ్గురం పసిపిల్లల్లా సంతోషపడ్డాం, అటెండెంట్ అన్న కూడా నవ్వాడు. ఏవండీ, ఇక మీరు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోను, ఇక్కడ అందరి ముందూ చెప్తున్నాను.

పోయింది 14 వరసలు, నాలుగు వేల పైచిలుకు కుట్లు. మొత్తం శాలువా పోకుండా అంతటితో ఆగింది. ఆ బాబు పైకెక్కి పడుకునే ముందు నా సూదుల చిల్లులో సేఫ్టీ పిన్ను దూర్చి రెండు మొనలూ బిగించి మరీ ఇచ్చాడు. తెల్లారి మేం లేచేసరికి తన స్టేషన్‌లో దిగిపోయాడు. పేరు అడగలేదు, నంబర్ తీసుకోలేదు, అదే నా బాధ. బాబూ, ఇది నీ కంటపడితే ఒక్క మాట రాయి నాన్నా. మీ అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, ఆవిడ ఎంత ఓపిగ్గా నేర్పి ఉంటే నీకు ఆ చెయ్యి వచ్చిందో.

రైలు మొత్తం ఆరు గంటలు లేటుగా చేరింది. వదిన ఇంట్లో నాలుగో రోజుకి శాలువా ముగించాను. నీళ్ళల్లో నానబెట్టి, తువ్వాల్లో చుట్టి నీళ్ళు పిండి, మంచం మీద లాగి పిన్నులు పెట్టి ఆరేస్తే అప్పటిదాకా ముడుచుకుని ఉన్న లేసు మొత్తం విచ్చుకుంది. వదిన అది కప్పుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ రాత్రంతా బాగా నిద్ర పట్టిందని పొద్దున్నే చెప్పింది.

ఇక మూడో థాంక్స్ మా పక్కింటి అక్కకి. ఈ ఏడాది జనవరి 1 నుంచి ఇంట్లో ఉష్ణోగ్రతల దుప్పటి అల్లుతున్నాను, ఆ రోజు ఎండ ఎంతుంటే దానికి తగ్గ రంగులో రోజుకి రెండు వరసలు, ఏడాదికి 730. మేం లేని పదకొండు రోజులూ అక్క రోజూ డిగ్రీలు చూసి, తేదీ వేసి, కాగితం మీద రాసి పెట్టింది. అంతేనా, కిటికీ తీయడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఊలు బుట్ట దగ్గర చిన్న లేత గోధుమ రంగు పురుగు ఎగరడం చూసి వెంటనే ఫోన్ చేసింది. ఆ ఎగిరేది ఊలు తినదు, అది పెట్టే గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగులు తింటాయి. ఆ బుట్టలోనే మా ఆయన స్వెటర్ ఉంది, ఒళ్ళంతా అయిపోయి చేతులు అతకాల్సింది, ఇంకా ఒక కాలికే అయిన సాక్సు ఉంది. అక్క అన్నీ దులిపి, ప్లాస్టిక్ కవర్లలో గాలి పోకుండా కట్టి తన ఫ్రీజర్‌లో పెట్టింది, తన సామాన్లు కింద అరలోకి మార్చుకుని మరీ. ఇంకో మూడు రోజులు ఉంచితే రెండు వారాలవుతుంది. బయటికి తీశాక కూడా కవరు వెంటనే విప్పకూడదు, మామూలు వేడికి వచ్చేదాకా అలాగే వదిలెయ్యాలి, లేకపోతే చెమ్మ అంతా ఊలుకే పడుతుంది. బుట్ట అడుగున ఒక్క ఉండ మాత్రం అక్కడక్కడా తెగింది, మిగతావన్నీ బాగున్నాయి. అక్కా, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీట్లేదు, ఆ రెండో సాక్సు అవగానే ఆ జత నీకే.

అక్క రాసిచ్చిన కాగితం ఇప్పుడు నా ముందే ఉంది, పదకొండు రోజులు, ఇరవై రెండు వరసలు. వచ్చిన నాలుగు రోజులవి ఇంకో ఎనిమిది. ఫ్లాస్ దారం ఉండ చుట్టి సూదుల డబ్బాలోనే దాచుకున్నాను. మా ఆయన కొత్త నోట్‌బుక్‌లో గడులు గీస్తున్నారు, మొదటి రోజుకి ఏ రంగో అడుగుతున్నారు, వెళ్ళి మొదలుపెట్టాలి.