రాయగడ (ఒడిశా) తెలుగువాళ్ల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎక్కువ పని ఊపిరితిత్తుల జబ్బు మీదే

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల తెలుగు బడి, రక్తదానం, కార్తీక వనభోజనాలు ఎప్పట్లాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో అందరూ చూశారు, జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు, అందుకని వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. గుణుపురం వైపు కుటుంబాలు ప్రతిసారీ రాయగడ దాకా రావడం కష్టమంటున్నారు, అది న్యాయమే, వచ్చే ఏడాది ఒక మీటింగ్ అక్కడే పెడదామని కార్యవర్గం ఒప్పుకుంది.

ఇక అసలు విషయం. ఆరోగ్య కమిటీ ఈ ఏడాది దాదాపు మొత్తం సమయం ఒకే జబ్బు మీద పెట్టింది: ఊపిరితిత్తుల్లో వచ్చే న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు, అంటే హార్మోన్ల లాంటివి తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డలు. ఇంత అరుదైన జబ్బు మీద అంత శ్రమ ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. అరుదైనది కాబట్టే చాలామందికి తట్టదు, తట్టకపోతే ఏం జరుగుతుందో మన కళ్లముందే చూశాం.

మన సభ్యుల్లో ఒకరి కోడలు, నలభై ఏళ్లు కూడా లేవు, ఇంట్లో ఎవరికీ పొగతాగే అలవాటు లేదు. (ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాం, పేర్లు రాయడం లేదు.) దగ్గు, అప్పుడప్పుడు కళ్లెలో రక్తం. ఎక్స్‌రేలో మచ్చ కనిపించగానే, కళ్లె పరీక్షలో క్రిమి దొరక్కపోయినా, టీబీ అని మందులు మొదలుపెట్టారు. ఆరు నెలల కోర్సు పూర్తయింది, మచ్చ ఉన్నచోటే ఉంది. తర్వాత పిల్లికూతలు మొదలైతే ఉబ్బసం అని ఇన్‌హేలర్ ఇచ్చారు, ఆ తర్వాత నిమ్ము చేరిందన్నారు, తగ్గాక మళ్లీ అదే ఊపిరితిత్తిలో అదే భాగంలో నిమ్ము వచ్చింది. పాత ఎక్స్‌రేలు అన్నీ వాళ్ల మామగారు జాగ్రత్తగా దాచబట్టి పక్కపక్కన పెట్టి చూడగలిగారు. మచ్చ కదల్లేదని అప్పుడు తేలింది.

కారణం ఏమిటంటే, ఈ రకం గడ్డ చాలాసార్లు పెద్ద శ్వాసనాళం లోపల పెరుగుతుంది. కాలువ మదుముకి చెత్త అడ్డం పడితే వెనక నీళ్లు నిలిచిపోయినట్టు, గడ్డకి అవతలి భాగంలో కఫం నిలిచి పదే పదే ఇన్ఫెక్షన్ వస్తుంది. నాళం ఇరుకైన చోట పిల్లికూత వస్తుంది. గడ్డకి రక్తనాళాలు ఎక్కువ, అందుకే రక్తం పడుతుంది. టీబీ, ఉబ్బసం, నిమ్ము మూడింటి లక్షణాలూ దీనికి ఉన్నాయి, టీబీ ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో డాక్టరు ముందు టీబీ అనుకోవడంలో తప్పు లేదు. కానీ మందులు పూర్తయ్యాక కూడా మచ్చ పోకపోతే, లేదా అదే చోట రెండోసారి నిమ్ము వస్తే, సీటీ స్కాన్ అడగాలి. దయచేసి ఇది చదివి ఎవరూ టీబీ మందులు సొంతంగా ఆపకండి, అది ఇంకా ప్రమాదం.

సీటీ తర్వాత విశాఖలో బ్రాంకోస్కోపీ చేసి, అంటే శ్వాసనాళంలోకి కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి, పరీక్షకి గడ్డలోంచి ముక్క తీశారు. ఇక్కడే అసలు టెన్షన్. మొదటి రిపోర్టులో స్మాల్ సెల్ క్యాన్సర్ (చాలా వేగంగా పాకే రకం) అని వచ్చింది, కీమో తేదీ కూడా ఇచ్చేశారు.

ఊపిరితిత్తుల న్యూరోఎండోక్రైన్ గడ్డలు నాలుగు రకాలు: టిపికల్ కార్సినాయిడ్, ఎటిపికల్ కార్సినాయిడ్, లార్జ్ సెల్, స్మాల్ సెల్. కార్సినాయిడ్‌లు రెండూ కలిపి మొత్తం ఊపిరితిత్తుల క్యాన్సర్లలో 1 నుంచి 2 శాతం మాత్రమే, పొగతాగని వాళ్లకీ వయసులో ఉన్నవాళ్లకీ వస్తాయి, నెమ్మదిగా పెరుగుతాయి. మిగతా రెండూ ఎక్కువగా పొగతాగేవాళ్లకి వస్తాయి, చాలా వేగంగా పాకుతాయి. తేడా చూసేది మైక్రోస్కోప్ కింద: 2 చదరపు మిల్లీమీటర్లలో విభజన చెందుతున్న కణాలు 2 కంటే తక్కువ ఉండి, చచ్చిపోయిన కణజాలం లేకపోతే టిపికల్. 2 నుంచి 10 దాకా ఉన్నా, చచ్చిన కణజాలం కనిపించినా ఎటిపికల్. 10 దాటితే వేగంగా పాకే రకాలు. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56 అనే రంగుల పరీక్షలు ఇది న్యూరోఎండోక్రైన్ రకమేనని చెప్తాయి, కేఐ-67 అనే పరీక్ష ఎంత వేగంగా పెరుగుతోందో చెప్తుంది. చిన్న ముక్క తీసేటప్పుడు కణాలు నలిగిపోతే కార్సినాయిడ్ కూడా స్మాల్ సెల్ లాగా కనిపించవచ్చు. ఆ అమ్మాయి రిపోర్టులో కేఐ-67 అసలు చేయలేదు.

రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే రెండో డాక్టరు కూడా ఆ కాగితమే చదువుతారు. అందుకే ఆ ముక్కని భద్రపరిచిన మైనం బ్లాకులు, దాంతో చేసిన స్లైడ్లు ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని క్యాన్సర్ ఆసుపత్రిలో మళ్లీ చూపించారు. టిపికల్ కార్సినాయిడ్ అని తేలింది. ఈ రకం గడ్డలు ఒంట్లో ఎక్కడున్నా చూపించే గాలియం డోటా పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా పాకలేదని తెలిశాక ఆపరేషన్ చేసి గడ్డ ఉన్న భాగాన్ని, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథుల్ని తీసేశారు. కీమో అవసరం రాలేదు. ఇప్పుడు బాగుంది, కాకపోతే ఈ గడ్డ చాలా ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు కాబట్టి స్కాన్లు మానకూడదు.

ఇదే ఏడాది, జీవితమంతా చుట్ట తాగిన మన పెద్దాయన ఒకరికి నిజంగానే స్మాల్ సెల్ వచ్చింది. ఆయన విషయంలో ఆలస్యం చేయకుండా ప్లాటినం మందు, ఎటోపోసైడ్ కలిపి కీమో మొదలుపెట్టడమే సరైన పని, అలాగే చేశారు. రెండో అభిప్రాయం తీసుకోమని చెప్పేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోండి: స్లైడ్లు రోజుల్లో చూపించాలి, నెలల తరబడి తిరగకూడదు.

అవగాహన సభలో చాలామంది ఇర్ఫాన్ ఖాన్ పేరు ఎత్తారు. 2018లో ఆయన తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని చెప్పారు, 2020 ఏప్రిల్‌లో పోయారు, దాంతో ఈ పేరు వింటేనే భయం పట్టుకుంది. కానీ పాకకముందే తీసేసిన టిపికల్ కార్సినాయిడ్‌లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతారు. పాకిన వాళ్లకీ దారులున్నాయి: నాలుగు వారాలకోసారి వేసే ఆక్ట్రియోటైడ్ లేదా లాన్రియోటైడ్ ఇంజెక్షన్, ఎవరోలిమస్ మాత్రలు, కొందరికి లుటీషియం చికిత్స (గడ్డ కణాల దగ్గరికే రేడియేషన్ చేర్చే మందు). ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, విశాఖ నుంచి రైల్లో తెచ్చుకునేవాళ్ల కోసం సంఘం ఐస్ బాక్స్ కొని ఆఫీసులో పెట్టింది, అడిగి తీసుకెళ్లండి. కొన్ని గడ్డలు వదిలే హార్మోన్ల వల్ల ముఖం ఎర్రబడి వేడెక్కడం, విరేచనాలు ఉంటాయి, అలాంటివాళ్లకి ఆ హార్మోన్లు చూసే 24 గంటల మూత్ర పరీక్ష రాస్తే, దానికి ముందు రెండు మూడు రోజులు అరటిపండు, టమాటా, వంకాయ, అనాస తినకూడదు, తింటే ఫలితం తప్పుగా వస్తుంది.

ఖర్చు సంగతి. మన రేషన్ కార్డు ఒడిశాది, ఆంధ్రా ప్రభుత్వ వైద్య పథకం మనకు వర్తించదు. ఆయుష్మాన్ కార్డు మాత్రం రాష్ట్రం దాటినా, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా పనిచేస్తుంది, బయల్దేరే ముందే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోండి. రైల్వే వాళ్ల ఫారం మీద ఆసుపత్రి సంతకం చేయిస్తే, చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు. ఇది తెలియక మనవాళ్లు ఎంతమంది పార్వతీపురం, విజయనగరం మీదుగా పూర్తి చార్జీ పెట్టి తిరిగారో తలచుకుంటే బాధేస్తుంది.

వచ్చే ఏడాది పాత ఎక్స్‌రేలు, సీటీ సీడీలు, రిపోర్టులు తేదీల వారీగా పెట్టుకోవడానికి ప్రతి ఇంటికీ ఒక ఫైలు ఇస్తాం. నవంబర్ 10 న్యూరోఎండోక్రైన్ క్యాన్సర్ దినం, ఆరోజు గుణుపురంలో ఛాతీ డాక్టరుతో సభ పెట్టాలని ఉంది. ఒడియా, ఇంగ్లీషు రెండూ చదివి రోగితో విశాఖ దాకా వెళ్లగలిగే వాళ్లు కమిటీకి కావాలి, ముఖ్యంగా గుణుపురం వైపు నుంచి. సర్వసభ్య సమావేశం లోపు కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి.