సూరహమ్మర్‌కు ఒక పేరా అయినా దక్కాలి

సంపాదకులకు,

అయ్యా, స్వీడన్ పరిశ్రమలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం పెద్ద నగరాలతోనే సరిపెట్టుకోవడం నిరాశ కలిగించింది. కోల్‌బెక్ నది ఒడ్డున ఉన్న సూరహమ్మర్ అనే చిన్న ఊరి పేరులోనే సమ్మెట ఉంది (ఆ ‘హమ్మర్’ అంటే సమ్మెటే): ప్రవాహం చక్రాన్ని తిప్పితే, దాని ఇరుసుకున్న పళ్లు బరువైన సమ్మెటను పైకెత్తి వదిలేవి, అది ఎర్రగా కాలిన ఇనుప ముద్ద మీద దభీమని పడేది. (కొలిమిలో మండింది అడవి కలపను కాల్చి చేసిన కట్టెబొగ్గే.) ఇనుమును పడవల్లో మెలారెన్ సరస్సుకు చేర్చేందుకు తవ్వి, 1795లో పూర్తిచేసిన స్ట్రోమ్స్‌హోల్మ్ కాలువ ఈ ఊరి మీదుగానే సాగుతుంది. రైలు చక్రాలు తయారుచేసిన ఇక్కడి కార్ఖానాయే 1891లో రైలు పెట్టెలు తయారుచేసే వాబిస్ సంస్థను స్థాపించింది. ఇంజినీరు గుస్తాఫ్ ఎరిక్సన్ 1897లో స్వీడన్ తొలి కార్లలో ఒకదాన్ని రూపొందించింది కూడా ఇక్కడే. ఆ వాబిస్ 1911లో స్కానియా అనే వాహనాల సంస్థతో కలిసింది. మన రాత్రి బస్సుల ముందు భాగాన మనం చదివే పేరు ఆ స్కానియాదే.

— ఒక పాఠకుడు, హనుమకొండ