దత్తత వెళ్లిన బిడ్డకు కన్నతండ్రి ఆస్తిలో వాటా

సంపాదకులకు నమస్కారం.

దత్తత ఇచ్చిన రోజుతో కన్నవారికి ఆ బిడ్డపై చట్టపరమైన అధికారం ముగుస్తుంది. అంతకుముందే ఆ బిడ్డకు సంక్రమించిన ఆస్తి కూడా ఆ రోజుతోనే చేజారిపోతుందని మన ఊళ్లలో చాలామంది నమ్ముతున్నారు. అది నిజం కాదు.

ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసి విరమించిన నా దగ్గరకు ఈమధ్య ఒక యువకుడు తన దత్తత పత్రం జిరాక్సు పట్టుకొచ్చాడు. అతనికి నాలుగేళ్లప్పుడు తండ్రి వీలునామా ఏమీ రాయకుండా చనిపోయాడు. ఆరో ఏట తల్లి అతన్ని పిల్లలు లేని తన అక్కాబావలకు దత్తత ఇచ్చింది. తండ్రి స్వార్జితమైన రెండెకరాలు ఆ తర్వాత తల్లి, అన్న పేర్ల మీద విరాసత్ (వారసత్వ మార్పిడి) అయ్యాయి. జిరాక్సు రెండో పేజీ చివర, తల్లి వేలిముద్రకు కాస్త పైన, ‘ఈ బాలునికి ఇకమీదట కన్నవారి ఆస్తిలో ఎట్టి హక్కూ లేదు’ అని ఉంది. ఇలాంటి వాక్యం నేనూ ఆనవాయితీ కొద్దీ ఎన్నో పత్రాల్లో రాశాను. ఆ బాధే ఈ ఉత్తరం రాయిస్తోంది.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం దత్తతకు ముందే బిడ్డకు దఖలుపడిన ఆస్తి, దానితో వచ్చే బాధ్యతలతో సహా, బిడ్డదిగానే ఉంటుంది. శిశుగృహాల ద్వారా జరిగే దత్తతలకు వర్తించే 2015 నాటి బాలల న్యాయ చట్టంలోనూ ఇదే రక్షణ ఉంది. వారసురాలయ్యే నానమ్మ అప్పటికే కాలం చేసింది కనుక, వారసులు తల్లి, అన్న, ఈ యువకుడు ముగ్గురే; తండ్రి కన్నుమూసిన క్షణంలోనే ఆ రెండెకరాల్లో మూడో వంతు అతనిదైంది. దత్తతతో సంరక్షకత్వం పెంచిన తండ్రికి మారింది గానీ, వాటా ఎక్కడికీ పోలేదు. మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా వదులుకునే అధికారం సహజ సంరక్షకులకే లేనప్పుడు, లేఖరి రాసిన ఒక్క వాక్యానికి అంత బలం ఎక్కడిది?

తండ్రి బతికి ఉండగానే దత్తత జరిగితే సంగతి వేరు. తర్వాత ఆయన వీలునామా లేకుండా పోతే బిడ్డకు వాటా రాదు. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి విషయంలో, పుట్టుకతో వచ్చిన వాటా దత్తత తర్వాతా నిలుస్తుందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గతంలో చెప్పింది. కానీ దత్తతకు ముందే పంపకమై వాటా దక్కి ఉంటే తప్ప ఆ హక్కు మిగలదని 2023లో తెలంగాణ హైకోర్టు పూర్తి ధర్మాసనం తేల్చింది. పంపకం అడిగే వయసే లేని పసివాడి మీద ఇది చాలా బరువైన షరతని నా అభిప్రాయం. ఆ తీర్పు అమల్లో ఉన్నంతకాలం, బిడ్డను ఒడిలో పెట్టకముందే పంపకం పూర్తిచేయడం ఇచ్చే పెద్దల బాధ్యత.

తెలంగాణ భూరికార్డుల చట్టమైన భూభారతి కింద వారసత్వ మార్పిడికి జరిపే విచారణలో, దత్తత వెళ్లిన పిల్లలు ఉన్నారా, వెళ్లింది తండ్రి మరణానికి ముందా, తర్వాతా అని తహసీల్దార్లు తప్పక అడిగి, తర్వాత వెళ్లిన బిడ్డకూ నోటీసు పంపాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. తోటి లేఖరులకు నా విన్నపం ఒక్కటే: దత్తత పత్రంలో ఆ పాత వాక్యం మానేసి, ఆ చోట బిడ్డకు అప్పటికే సంక్రమించిన భూమిని సర్వే నంబరు, విస్తీర్ణంతో సహా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి,
నల్గొండ జిల్లా