కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి: మీ ట్రైనింగ్ మా వాగు దాకా రావట్లేదు సార్

గౌరవనీయులైన మంత్రి గారికి,

ములుగు ఏజెన్సీలో పనిచేసే ఒక ఏఎన్ఎం నమస్కరించి రాయునది. పోర్టల్‌లో పెట్టిన అర్జీలన్నిటికీ ఒకటే జవాబు, "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని. కొన్నాళ్లకు "పరిష్కరించబడింది" అని ఇంకో మెసేజ్. ఏం పరిష్కారమైందో మాకైతే తెలియలేదు, మీకు తెలిస్తే చెప్పండి. వరంగల్‌కు వచ్చిన పెద్దల చేతుల్లో పెట్టిన కాగితాలు ఎటు పోయాయో దేవుడికే ఎరుక. అందుకే ఇట్లా అందరి ముందూ రాస్తున్నా.

మా ట్రైనింగ్ సంగతి మీకు కొత్తేం కాదు. ఆరోగ్య సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చే ప్రజారోగ్య సంస్థ కోల్‌కతాలో 1932 నుంచి ఉంది, ఢిల్లీ మునిర్కాలో ఇంకోటి 1977 నుంచి ఉంది. వాటిని అభివృద్ధి చేస్తాం అంటుంటారు. చేయండి, ఎవరొద్దన్నారు? కానీ అభివృద్ధి అంటే అక్కడ ఇంకో బిల్డింగ్, ఇంకో ఆడిటోరియమేనా? అక్కడి చదువు గూడేలు తిరిగే మా దాకా ఎట్లా వస్తుందో ఎప్పుడైనా చూశారా?

నేను చెప్తా. పైన ఐదు రోజులు నేర్పింది రాష్ట్రం వాళ్లకు మూడు రోజులవుతుంది, జిల్లాకొచ్చేసరికి ఒక రోజు, మాకు ఒక పూట. ఆ పూటలోనే సంతకాలు, చాయ్, గ్రూప్ ఫొటో. మలేరియా ట్రైనింగ్ అని పిలిచి కర్టెన్ లేని గదిలో గోడ మీద ఇంగ్లిష్ స్లైడ్లు వేశారు, ఆ వెలుతురులో ఏది స్మియరో, అంటే పరీక్షకు గాజు పలక మీద పూసిన రక్తమో, ఏది గోడ మీద మరకో తెలియలేదు. కొత్తగా చేరిన అమ్మాయి లేచి రక్తం చుక్క ఎంత తీసుకోవాలి, ఎంతసేపు ఆరనివ్వాలి అని అడిగితే "వీడియో గ్రూపులో పెడతా అమ్మా" అన్నారు. లింకు వచ్చింది. మాకు సిగ్నల్ రాలేదు.

తర్వాత ఏమైందంటే, ముసురు పట్టిన రోజు ఆ అమ్మాయి వాగు దాటి గుత్తికోయల గూడేనికి పోయి జ్వరాల వాళ్ల దగ్గర రక్తం తీసింది. వాన తడికి స్మియర్లు సరిగ్గా ఆరలేదు, ఆరకముందే పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. ల్యాబ్‌లో రంగు వేసి కడుగుతుంటే మందపాటి స్మియర్లన్నీ నీళ్లతో పాటే కొట్టుకుపోయాయి. "మళ్లీ తీసుకురండి" అన్నాడు ల్యాబ్ టెక్నీషియన్. ఎట్లా తెస్తాం సార్, అప్పటికే వాగు పొంగింది. ర్యాపిడ్ కిట్లు స్టాకు లేవు. మెమో మాత్రం టైముకు వచ్చింది, ఆ అమ్మాయికి.

తప్పు ఆ అమ్మాయిదా? పక్కన ఒకరు కూర్చుని నాలుగు రక్తం స్లైడ్లు చేయించి ఉంటే అరగంట పని.

ఇదొక్కటే కాదు. వైవాక్స్ రకం మలేరియా వస్తే ప్రైమాక్విన్ గోలీలు పద్నాలుగు రోజులు మింగించాలని మాకు తెలుసు. మూడో రోజుకే జ్వరం తగ్గి "ఇగ గోలీ ఎందుకు నర్సమ్మా" అని పొలానికి పోయే మనిషికి, అదీ మన తెలుగు సగమే అర్థమయ్యే మనిషికి ఎట్లా చెప్పాలో ఏ స్లైడులో ఉంది?

మీ కోల్‌కతా సంస్థే 1939లో సింగూరులో పల్లె ఆరోగ్య కేంద్రం పెట్టి, ట్రైనింగ్‌కు వచ్చినవాళ్లను అక్కడికి తీసుకుపోయి ఊళ్లోనే పని నేర్పింది. బ్రిటిష్ కాలంలో తట్టిన ఆలోచన ఇప్పుడు మీకు ఎందుకు తట్టట్లేదో అర్థం కాదు. దోమ పొట్టలో మలేరియా క్రిమిని 1897లో రోనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఏటా ఆగస్టు 20న దోమల దినోత్సవం ఫ్లెక్సీ కూడా మా చేతే పట్టిస్తారు లెండి, ఎండైనా వానైనా.

అడిగేది పెద్దదేం కాదు. ఆ జాతీయ సంస్థల ఫీల్డ్ యూనిట్ ఒకటి మా దగ్గర పెట్టండి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, కాళోజీ పేరున హెల్త్ యూనివర్సిటీ ఉంది, వాళ్లతో కలిపి పెట్టినా సరే, కానీ నేర్పేది మాత్రం ఏజెన్సీలోనే నేర్పాలి. రెండు గదులు, నాలుగు మైక్రోస్కోపులు, తెలుగులో చెప్పే మనిషి, కోయ భాష వచ్చిన ఇంకో మనిషి. శంకుస్థాపనలు వద్దు, శిలాఫలకం అసలే వద్దు. 2014 విభజన చట్టంలో రాసిన మా ములుగు గిరిజన యూనివర్సిటీకి బిల్లు పాసయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. దీన్ని కూడా అట్లా చేయకండి సార్, దండం పెడతా.

యూనిట్ పెట్టేదాకా ఆగమంటే కనీసం కొత్తగా చేరినవాళ్లనైనా వానాకాలం రాకముందే ఎక్కడికైనా పిలిచి చేతులతో పని నేర్పించండి. జూన్ దాటితే మాకు తీరదు. రానుపోను ఛార్జీలు మేమే పెట్టుకుంటాం. ఇప్పుడూ మేమే పెట్టుకుంటున్నాం, టీఏ బిల్లుల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తా.

ఇట్లు,
ములుగు జిల్లా నుంచి ఒక ఏఎన్ఎం