బొమ్మ వేసిన మనిషి పేరేదీ?

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ భవనం లాబీలో పెట్టిన రాత్రిపూట చార్మినార్ చిత్రం గురించి మీరు పోయిన వారం వార్త వేశారు. రిబ్బన్ కత్తిరించినవారి పేరుంది, వేదిక మీదివాళ్లందరి పేర్లూ ఉన్నాయి. బొమ్మ వేసినావిడ మాత్రం 'ఓ మహిళా చిత్రకారిణి' అయిపోయారు! ఫొటోలో కుడి మూల సంతకం కూడా కోసేశారు. పైగా 'భారీ తైలవర్ణ చిత్రం' అన్నారు. అది మిశ్రమ మాధ్యమంలో చేసిన పని. మీనార్ల కింద ఇళ్ల వరుసంతా అతికించిన తెలుగు, ఉర్దూ దినపత్రికల ముక్కలే. వీధి దీపాలు బంగారు రంగు రేకు. తడి రోడ్డు మీద వెలుగు ఆయిల్ పాస్టెల్, అంటే నూనె, మైనం కలిపిన రంగు కడ్డీలతో వేసింది.

దేంతో చేశారో తెలియకపోతే ఎలా కాపాడాలో తెలియదు. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. కాగితం ఉన్న బొమ్మ మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాటకూడదు. అక్కడేమో మూరెడు దూరంలో హాలోజన్ దీపం! చవక రేకులో ఉండేది రాగి, జింకు. పైన వార్నిష్ లేకపోతే తేమకి నల్లబడుతుంది. ఆయిల్ పాస్టెల్ పూర్తిగా ఆరదు, దుమ్మంతా పట్టేస్తుంది. ఆ దుమ్ము కోసం ఎవరో తడిగుడ్డ, గ్లాస్ క్లీనర్ పట్టుకొస్తే కాగితం ఉబ్బి అంచులు లేస్తాయి, పాస్టెల్ అలుక్కుపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి, రేకు జోలికి పోకుండా దులిపితే చాలు. బొమ్మకి ఎదురుగా గాజు బిగించాలి, అది రంగుకి తగలకుండా ఫ్రేములో స్పేసర్లు (మధ్యలో ఖాళీ ఉంచే సన్న పట్టీలు) పెట్టాలి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే కాన్వాస్ రోజూ వదులై బిగుస్తుంది, అతుకుల దగ్గర రంగు చిట్లుతుంది. ఊళ్లోనే సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది. వాళ్లని ఒక్క మాట అడగాల్సింది.

మన ఆఫీసుల్లో బొమ్మలంటే కుర్చీలు, బీరువాలతో సమానం. గోడలకి రంగులేసే రోజున ఎవరు దించుతారో, ఎక్కడ పడేస్తారో ఎవరికీ పట్టదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. సృష్టికర్త పరువు పోయేలా ఆయన పనిని పాడుచేయకూడదనే కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద ఢిల్లీ హైకోర్టు 2005లో మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగివ్వమంది, రూ.5 లక్షల పరిహారం కట్టమంది. అయినా బుద్ధి రాలేదు.

చిత్రకారుడు జోసెఫ్ స్టెల్లా 1920-22లో ఐదు భాగాలుగా వేసిన న్యూయార్క్ నగర చిత్రం అమెరికాలో నెవార్క్ మ్యూజియంలో ఉంది. ఆయిల్, టెంపెరా (గుడ్డు సొన లాంటి జిగురుతో కలిపిన రంగు) అని వాడిన పదార్థాలు కూడా దాని వివరాల్లో రాసి ఉంటాయి. ఇక్కడా అలాగే చిత్రకారిణి పేరు, ఏడాది, పదార్థాలు, కొలతలతో ఒక పలక పెట్టాలి. మీరూ సవరణ వేసి ఆవిడ పేరు అచ్చు వేయండి. పలక నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ హాలోజన్ దీపం మాత్రం అధికారులు ఇవాళే తీయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్