కూలివాళ్ళకూ కాగితాలున్నాయి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో వంశవృక్షాల మీద వచ్చిన వ్యాసం చదివాను. జమీందార్లకీ కరణాలకీ తప్ప కూలీనాలీ చేసుకున్నవాళ్ళకి ఏ దేశంలోనైనా చరిత్ర దొరకదని రాశారు. ఏ దేశంలోనైనా అనడం సరికాదు. నేను పెడనలో పుట్టి, స్కాట్లండ్ అబ్బాయిని చేసుకుని, గ్లాస్గోలో స్థిరపడ్డాను. మా అత్తగారి తాతమ్మ అద్దకం ఫ్యాక్టరీలో కూలి. ఆవిడ గురించి ఇంట్లో మిగిలింది పేరూ, ఎర్రబట్టల ఫ్యాక్టరీలో చేసేదన్న మాటా, అంతే. ఇప్పుడు ఆవిడ జీవితం చాలావరకు మా ముందుంది.

స్కాట్లండ్‌లో జనన మరణ వివాహాల నమోదును ప్రభుత్వం చేపట్టింది 1855 జనవరి 1న. అంతకుముందు చర్చి పుస్తకాలే దిక్కు. కొత్త కదా, మొదటి ఏడాది జనన పత్రంలో అడగనిది లేదు: తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, పెళ్ళెప్పుడు, ఎక్కడ, ఇంతకుముందు పిల్లలెంతమంది. ఆ పని మోయలేక మరుసటి ఏడాదికే చాలా గళ్ళు ఎత్తేశారు. మా అదృష్టం, ఆవిడ పుట్టింది 1855లోనే, గ్లాస్గోకి వాయవ్యంగా ఉన్న లెవెన్ లోయలో, బాన్‌హిల్ అనే ఊళ్ళో.

ఆ లోయ అంతా ‘టర్కీ రెడ్’ అనే ఎర్ర అద్దకానికి పేరు. అక్కడి బట్టలో ఎంతో భాగం మన దేశానికే వచ్చేది. బేళ్ళ మీద మన దేవుళ్ళ బొమ్మల లేబుళ్ళు అంటించి మరీ పంపేవాళ్ళు. ఒకప్పుడు చిరివేరుతో, ఇప్పుడు అలిజరిన్ అనే రసాయనంతో ఎర్రరంగు ఎక్కించే ఊరి నుంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు ఆ లేబుళ్ళు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

1861 జనాభా లెక్కల్లో ఇంటికి కిటికీ ఉన్న గదులెన్నని కూడా అడిగారు. వీళ్ళకి ఒకటి. ఆ ఒక్క గదిలో తల్లీతండ్రీ, అయిదుగురు పిల్లలు, పైగా ఒక అద్దె మనిషి. 1871కి ఆ అమ్మాయి పేరు ఎదురుగా అద్దకం ఫ్యాక్టరీలో పని అని ఉంది.

ఇక్కడ ఒక చిక్కుంది. తాత పేరు మనవడికీ, అమ్మమ్మ పేరు మనవరాలికీ పెట్టడం వాళ్ళలోనూ ఉంది. అందుకని ఒకే లోయలో ఒకే పేరున్న అమ్మాయిలు నలుగురైదుగురు తేలతారు. ఇంటర్నెట్లో ఎవరో కట్టిన వంశవృక్షంలో ఇద్దరిని కలిపేసి ఒకే మనిషిని చేశారు, ఆ లెక్కన ఆవిడ ఒకే ఏడాది రెండు ఊళ్ళలో పురుడు పోసుకుంది! ఈ ముడి విప్పింది స్త్రీల పుట్టింటి ఇంటిపేరు. స్కాట్లండ్ పత్రాల్లో పెళ్ళయినా అది పోదు. మరణ పత్రంలో కూడా తల్లి పుట్టింటి ఇంటిపేరు అడుగుతారు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది మాత్రం పేదల సహాయానికి పెట్టుకున్న దరఖాస్తు. 1845 చట్టం ప్రకారం పేదల భారం ఆయా పారిష్‌లది, అంటే చర్చి పరిధిని బట్టి విడదీసిన స్థానిక విభాగాలది. ఒంట్లో సత్తువ ఉండి పని దొరకనివాడికి ఆ హక్కు లేదు. రోగులు, ముసలివాళ్ళు, పిల్లలున్న వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్ళు, ఇలాంటివాళ్ళకే. 1886లో గ్లాస్గో పక్కనున్న గోవన్‌లో ఆవిడ భర్త షిప్‌యార్డులో కాలు నలిగి మంచాన పడ్డాడు. దరఖాస్తు పెట్టగానే ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చాడు. ఒంటిగది, పైఅంతస్తు, అద్దె ఇంత, బాకీ ఇంత, మతం కాథలిక్, పిల్లల పేర్లూ వయసులూ, ఆవిడ తమ్ముళ్ళలో సాయం చేయగలిగినవాడు ఎవడైనా ఉన్నాడా. అయిదేళ్ళుగా ఏయే వీధుల్లో ఉన్నారో కూడా వరసగా రాశాడు. ఎందుకంటే ఒక పారిష్‌లో అయిదేళ్ళు నిలకడగా ఉంటేనే అక్కడివాళ్ళ కింద లెక్క. లేకపోతే ఖర్చు ఇంకో పారిష్ నెత్తిన వేయొచ్చు. ఐర్లండ్‌లో పుట్టినవాడైతే ఓడెక్కించి వెనక్కి పంపేయొచ్చు. అందుకే భర్త పుట్టిన చోటు దగ్గర, జనాభా లెక్కల్లో వట్టి ‘ఐర్లండ్’ అని ఉన్నది, ఇక్కడ డానిగాల్‌లోని పారిష్ పేరుతో సహా ఉంది. 1922లో డబ్లిన్‌లో రికార్డుల భవనం తగలబడి అక్కడి పాత కాగితాలు ఎన్నో బూడిదయ్యాయి కనుక, ఆ ఊరి పేరు మాకు ఇంకెక్కడా దొరికేది కాదేమో.

అడుగున ఒక్క ముక్క: పూర్‌హౌస్‌కి (దిక్కులేని పేదల్ని ఉంచే చోటు) రమ్మన్నాం, రామని అన్నారు.

జాలిపడి రాసిన కాగితాలు కావివి. పైసా ఇవ్వకుండా తప్పించుకునే దారి ఉందేమోనని గుచ్చిగుచ్చి అడిగి రాసినవి. మా అత్తగారికి చదువుతుంటే ఒళ్ళు మండింది. నాకు మాత్రం ఆ ఇన్‌స్పెక్టర్ మీద పూర్తిగా కోపం రాలేదు. ఆవిడకి సంతకం కూడా రాదు, పిల్లల జనన నమోదులో వేలిముద్ర లాగా ఇంటూ గుర్తే ఉంది. మరి ఆవిడ చెప్పుకున్న మాటలు ఇంకెవరు రాసిపెడతారు?

మీ వ్యాసకర్త రెండో భాగం రాస్తానన్నారు. ఈ గ్లాస్గో దరఖాస్తులు మిచెల్ లైబ్రరీలో ఉన్న నగర ఆర్కైవ్స్‌లో లక్షల్లో ఉన్నాయని, జనన మరణ పత్రాలకి ‘స్కాట్లండ్స్ పీపుల్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉందని, అందులో కాపీ చూడాలంటే డబ్బు కట్టాలని, జననాలైతే నూరేళ్ళు దాటినవే ఇంట్లో కూర్చుని చూడగలమని ఆ రెండో భాగంలో ఒక పేరా చేర్చమని మనవి. స్కాట్లండ్ సంబంధాలు కలుపుకున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేం లేవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గ్లాస్గో
(స్వస్థలం పెడన, కృష్ణా జిల్లా)