సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్న వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, పర్లాకిమిడి తెలుగు బంధువులందరికీ నమస్కారాలు. ఉగాది కవి సమ్మేళనం, కార్తీక వనభోజనాలు, పిల్లల ఆదివారం తెలుగు తరగతులు యథావిధిగా జరిగాయి. ఈ ఏడాది ప్రత్యేకంగా చెప్పుకోవలసిన పని, మన హాలులోని ప్రొజెక్టరుకూ మైకుసెట్టుకూ ఎట్టకేలకు పొత్తు కుదర్చడం.

కిందటేడు ఆగస్టు 29న గిడుగు వారి జయంతి సభలో తెర మీద బొమ్మ కదిలింది గాని మాట వినపడలేదన్నది సభ్యులకు గుర్తుండే ఉంటుంది. వాడుక మాటకు రాతలో చోటు దక్కాలని వాదించిన రామమూర్తి పంతులుగారి సభలో, అదీ ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో, మాటే కరువు కావడం కార్యదర్శిగా నాకు తలవంపులైంది.

కారణం వెతికితే తేలింది ఇది. మన పాత ప్రొజెక్టరుకు ఉన్నది 15 పిన్నుల వీజీఏ (పాతకాలపు బొమ్మ తీగ తగిలించే చోటు) ఒక్కటే. అందులో బొమ్మ పోతుంది తప్ప ధ్వని పోదు. కొత్త ల్యాప్‌టాప్‌కు బొమ్మనూ ధ్వనినీ ఒకే తీగలో పంపే హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్నందున, దాన్ని వీజీఏగా మార్చే కన్వర్టరును మధ్యన పెట్టాం. హెచ్‌డీఎంఐ తగలగానే ల్యాప్‌టాప్ తనంతట తానే ధ్వనిని కూడా అటు మళ్లించింది, అది కన్వర్టరు దగ్గరే ఆగిపోయింది. సౌండ్ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్‌ను ఎంచుకొని, ఆ రంధ్రం నుంచి 3.5 మి.మీ. జాక్ తీగను మైకుసెట్టు మిక్సరు లైన్ ఇన్‌పుట్‌కు (మైకు ఇన్‌పుట్‌కు కాదు) ఇచ్చాక మాట వచ్చింది, దానితోపాటు గుయ్యిమనే రొద కూడా వచ్చింది. ఒక కుర్రవాడు ల్యాప్‌టాప్ చార్జరు పీకగానే రొద ఠక్కున ఆగింది. చార్జరు వేదిక దగ్గరి బోర్డులోనూ, ఆంప్లిఫయరు వెనక గోడ బోర్డులోనూ ఉండటంతో రెండు ఎర్తుల మధ్య తేడా ఆ ఆడియో తీగలోకి ఎక్కిందన్నమాట. ప్లగ్గు ఎర్తు పిన్ను విరిచేయమని సలహా ఇచ్చిన పెద్దలకు ఒక దండం; అది ప్రాణాపాయం. అన్నిటినీ ఒకే బోర్డుకు మార్చి, ఆడియో తీగలో ఐసోలేటరు (ధ్వనిని పోనిచ్చి ఎర్తు రొదను ఆపే చిన్న పరికరం) పెట్టాం. హాలు ఎర్తింగు పరీక్షించమని సంబంధిత కార్యాలయానికి మూడు లేఖలు రాశాం. మూడింటికీ రసీదులు మాత్రం ఉన్నాయి.

ఈ ఏడు జయంతికి మన ప్రాంతపు గిరిజనులైన సవరల భాష మీద పంతులుగారు రాసిన 1931 నాటి సవర భాషా గ్రంథం, 1938 నాటి సవర నిఘంటువు పుటలను తెర మీద చూపుతూ, సవర పిల్లల పాటను స్పీకర్లలో వినిపించాం. పాట ఉన్న ఫోనుకు టైప్-సీ ఉన్నా ప్రతి ఫోనూ ఆ దారిన బొమ్మనివ్వదు కనుక, ముందురోజే వీడియోను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాం. వెనక వరుసలోని ఒక అమ్మగారు "ఈపాలి మాటొచ్చింది బాబూ" అన్నారు. అంతకు మించిన ప్రశంసాపత్రం నాకు అక్కరలేదు.

కుర్చీలు ఇచ్చిన దాతలకు, పులిహోర వండిన మహిళా సభ్యులకు, నిచ్చెన ఎక్కి తెర కట్టిన ఒడియా మిత్రులకు, పాతపట్నం నుంచి వచ్చి తీగలు అతికిన సోదరునికి కృతజ్ఞతలు. ఇక తీగలు కలపడం నేర్పే ఆదివారానికి ఏడుగురు పేర్లిచ్చి ఒక్క ఇంటర్ చదివే అమ్మాయి మాత్రమే రావడం గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. పూలమాల వేసే వేళకు ఉన్న జనం, ప్రొజెక్టరు ఫ్యాను చల్లబడి ఆగేవరకు మెయిన్ ఆర్పకుండా కాచుకునే వేళకు ఉండటం లేదు. ఆ అమ్మాయి వచ్చే ఏడు పైచదువుకు బరంపురం వెళ్తోంది.

జమాఖర్చుల పట్టిక జతపరచాం. ఐసోలేటరు, తీగలు విరాళంగా వచ్చినవే గనుక అందులో కనిపించవు. ఆమోదించ ప్రార్థన.

జయంతి సభ మర్నాడు ఇంట్లో టీవీకని పట్టుకెళ్లిన కన్వర్టరు ఇంకా తిరిగి రాలేదు. అది ఎవరి దగ్గరుందో తెలుసు కాబట్టే ఇక్కడ పేరు రాయడం లేదు. ఉగాదిలోగా హాలు బీరువాలో కనిపిస్తే చాలు.

ఇట్లు,
కార్యదర్శి